ఇంటి పక్క డాక్టరు కావాలంటే ఏ దారి? విశాఖ ఎంబీబీఎస్‌లకు ఒక పోలిక

నీట్ పీజీ ర్యాంకు వచ్చిన వారంలో కొత్త డాక్టర్ల ఇళ్లలో జరిగే చర్చ దాదాపు ఒకేలా ఉంటుంది. రేడియాలజీ వస్తుందా, చర్మవ్యాధుల సీటు వస్తుందా, పోనీ జనరల్ మెడిసిన్ అయినా అందుతుందా అంటూ పైమెట్టు నుంచి కిందికి దిగుతూ వస్తారు. ఇంటిల్లిపాదినీ చూసే ఫ్యామిలీ మెడిసిన్ అనే శాఖ ఆ మెట్లన్నీ దిగాక, 'ఇంకేదీ రాకపోతే' అన్నచోట కనిపిస్తుంది. ఆ ఇంట్లో ర్యాంకు కాగితం పట్టుకుని కూర్చున్న అమ్మాయికో అబ్బాయికో నిజంగా కావలసింది ఒక పేటలో స్థిరపడి, తాత నుంచి మనవడి దాకా అందరినీ చూసుకునే వైద్యమే కావచ్చు. దానికి ఏ చదువు చదవాలో చెప్పేవాళ్లు తక్కువ. 'ముందు పీజీ తెచ్చుకో, తర్వాత చూద్దాం' అనేవాళ్లు ఎక్కువ.

ఈ పోలిక అలాంటివారి కోసం. రాస్తున్నది గాజువాక వైపు ప్రాక్టీసు చేసే ఒక ఫ్యామిలీ ఫిజిషియన్. కాబట్టి నా మొగ్గు ఎటో ముందే తెలిసి చదవండి. ఏ దారినైనా నేను రెండు కుర్చీలతో కొలుస్తాను. శిక్షణ కాలంలో మీ ఎదుటి కుర్చీలో ఎవరు కూర్చుంటారు? మీ పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటారు? ఎదుటి కుర్చీ రోగిది, పక్క కుర్చీ నేర్పేవారిది. పేరు చివర చేరే అక్షరాల సంగతి ఆ తర్వాత.

వార్డుకు రాని రోగులు

1961లో అమెరికాలో కెర్ వైట్, ఆయన సహచరులు ఒక లెక్క వేశారు. వెయ్యిమంది పెద్దవాళ్లను తీసుకుంటే ఒక నెలలో సుమారు 750 మంది ఏదో ఒక నలత చేసిందని చెబుతారు. అందులో డాక్టరు దగ్గరకు వెళ్లేది 250 మంది. ఆసుపత్రిలో చేరేది 9 మంది. విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం దాకా వెళ్లేది ఒకే ఒక్కరు. నలభై ఏళ్ల తర్వాత, 2001లో, మరో బృందం మళ్లీ లెక్కవేసినా ఆ నిష్పత్తులు పెద్దగా మారలేదు. మన దగ్గర అంకెలు ఇవే ఉండాలని లేదు కానీ, కింద వెడల్పుగా పైన సూదిమొనలా ఉండే ఆ ఆకారం ఇక్కడా అంతే.

ఇప్పుడు మన చదువు సంగతి చూడండి. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివినా, ఈ మధ్య కాలంలో వచ్చిన ప్రైవేటు కాలేజీల్లో చదివినా, ఎంబీబీఎస్‌లో మనం వైద్యం నేర్చుకునేది ఎక్కువగా ఆ చివరి ఒక్కరి మంచం పక్కన నిలబడి. విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ వార్డులో ఉన్న రోగి అక్కడికి నేరుగా రాలేదు. శ్రీకాకుళం పల్లెలోనో ఒడిశా సరిహద్దులోనో ముందు ఆర్‌ఎంపీ చూశాడు, తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో చూశారు, ఆపైన ఏరియా ఆసుపత్రిలో చూసి కాగితం రాసి పంపారు. జబ్బు ముదిరి, లక్షణాలన్నీ బయటపడి, ఫలానా విభాగానిదే అని తేలాక మన చేతికి వచ్చాడు. ఫిషింగ్ హార్బర్‌లో ఏరి, రకం వారీగా బుట్టల్లో సర్దిన చేపలను మాత్రమే చూసినవాడికి వల పైకి లాగినప్పుడు అందులో ఏమేం ఉంటాయో తెలియదు కదా.

దీనివల్ల వచ్చే చిక్కు పైకి కనిపించేదానికంటే పెద్దది. ఒకే లక్షణానికి చోటును బట్టి అర్థం మారుతుంది. న్యూరాలజీ ఓపీకి తలనొప్పితో వచ్చిన మనిషిలో పెద్ద జబ్బు దొరికే అవకాశం వేరు, ఆరిలోవలోనో కంచరపాలెంలోనో వీధి క్లినిక్కుకు తలనొప్పితో వచ్చిన మనిషిలో ఆ అవకాశం వేరు. వీధి క్లినిక్కులో ఛాతీనొప్పి అని వచ్చేవారిలో ఎక్కువమందికి అది కండరాలదో, ఆమ్లానిదో, ఆందోళనదో అవుతుంది. కానీ వాళ్ల మధ్యలోనే నిజమైన గుండెపోటు మనిషి కూడా చెమటలు తుడుచుకుంటూ కూర్చుని ఉంటాడు. అందరికీ అన్ని పరీక్షలూ రాసే డాక్టరు పేటను దివాలా తీయిస్తాడు. ఎవరికీ రాయని డాక్టరు ఆ ఒక్కడిని పోగొట్టుకుంటాడు. ఈ మధ్యదారిలో నడవడం వార్డులో అబ్బదు. దానికి వేరే శిక్షణ కావాలి.

జ్వరమే తీసుకోండి. వానలు పడ్డాక రెండో రోజు జ్వరంతో వచ్చిన కుర్రాడికి ఆ పూట రోగనిర్ధారణ ఉండదు. వైరల్ కావచ్చు, డెంగీ కావచ్చు, మలేరియా కావచ్చు, టైఫాయిడ్ మొదలవుతూ ఉండవచ్చు. ఆసుపత్రిలో పెరిగిన డాక్టరుకు నిర్ధారణ లేకుండా రోగిని ఇంటికి పంపడం ఓటమిలా తోస్తుంది. అందుకే ఒక యాంటీబయాటిక్, ఒక సెలైన్. ఫ్యామిలీ మెడిసిన్‌లో కాలం కూడా ఒక పరీక్షే. చూసి, అప్పటికి అవసరమైన పరీక్షేదో చేసి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి, ఆలోపు ఏం జరిగితే ఆగకుండా పరుగెత్తుకు రావాలో ఇంట్లో ఒకరికి అర్థమయ్యేలా చెప్పి పంపాలి. డెంగీలో ప్రమాదం చాలాసార్లు జ్వరం తగ్గే రోజుల్లోనే వస్తుందని, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనబడితే మర్నాటిదాకా ఆగకూడదని తల్లికి నచ్చజెప్పగలగాలి. ఇది ఓపికకు సంబంధించిన మంచి గుణం అనుకుంటారు చాలామంది. కాదు, నేర్పితే వచ్చే విద్య. నేర్పేవారు పక్కన లేకపోతే ఏళ్లు గడిచినా రాకపోవచ్చు.

దారి ఒకటి: పీజీ లేకుండా క్లినిక్

మన తాతల కాలపు డాక్టర్లు ఇలాగే బతికారు, గొప్పగా బతికారు. చట్టప్రకారం ఇప్పటికీ అడ్డేమీ లేదు. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నమోదు, 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద క్లినిక్ రిజిస్ట్రేషన్, 2016 నాటి నిబంధనల ప్రకారం సూదులు, దూది వంటి వ్యర్థాలను అప్పగించే ఏర్పాటు ఉంటే బోర్డు కట్టుకోవచ్చు.

ఎదుటి కుర్చీ లెక్కలో దీనికి సాటి లేదు. ఏరని, వడకట్టని రోగులు మొదటి రోజు నుంచే వస్తారు. పక్క కుర్చీ మాత్రం పూర్తిగా ఖాళీ. మీరు చేసింది తప్పని చెప్పేవారు ఉండరు. తగ్గనివాళ్లు తిరిగి రాకుండా ఇంకో డాక్టరు దగ్గరకు పోతారు, మీరేమో తగ్గిందనుకుంటారు. అనుభవం అని మనం పిలిచేదాంట్లో కొంత ఇలా పోగైన అపోహే. దీనికి తోడు వీధి చివర ఆర్‌ఎంపీ రాగానే సూది వేస్తాడు, మీరు వేయరు. మొదటి రెండేళ్లూ ఆ ఒత్తిడిని ఒంటరిగా తట్టుకోవాలి. ల్యాబులు, స్కానింగ్ కేంద్రాలు, పెద్ద ఆసుపత్రులు కమిషన్ కవర్లతో పలకరించేది కూడా ఈ దశలోనే. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం రెఫరల్‌కు కమిషన్ తీసుకోవడం నిషిద్ధం. నిషేధం సంగతి అలా ఉంచినా, ఒకసారి ఆ కవరు తీసుకున్నాక మీరు రాసే ప్రతి స్కానింగ్ మీద మీకే అనుమానం మొదలవుతుంది.

కార్పొరేట్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ డాక్టరుగా చేరి పగలు నీట్‌కు చదవడం ఈ దారికే ఒక పాయ. అద్దె గడుస్తుంది. శిక్షణ అనుకుంటే మాత్రం కాదు. అక్కడ మీ పని కన్సల్టెంటు చెప్పింది రాసిపెట్టడం.

దారి రెండు: పీహెచ్‌సీ ఉద్యోగం

దీన్ని చాలామంది ఇన్‌సర్వీస్ కోటా, అంటే ప్రభుత్వ డాక్టర్లకు కేటాయించే పీజీ సీట్ల కోసం ఎక్కే మెట్టుగానే చూస్తారు. కోటా ఉంది, నిజమే. దాని శాతాలూ షరతులూ మారుతుంటాయి కనుక ఏ ఏడాది జీవో ఆ ఏడాది చదువుకోవాలి. కానీ ఫ్యామిలీ డాక్టరు కావాలనుకునేవారికి కోటా లేకపోయినా ఈ ఉద్యోగం విలువైనదే అని నా అభిప్రాయం.

ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలి. పట్టణాల్లో 50,000 మందికి ఒకటి. అంటే ఒక జనాభా మొత్తం మీ బాధ్యత, ఓపీకి వచ్చినవారే కాదు, రానివారు కూడా. బీపీ మాత్రలు మానేసినవారు ఎవరో, ఏ ఇంట్లో గర్భిణికి రక్తహీనత ఉందో ఏఎన్‌ఎం, ఆశ కార్యకర్త మీకు చెబుతారు. ఇంతటి కళ్లూ చెవులూ ఏ ప్రైవేటు క్లినిక్కుకూ లేవు. పైగా 2023లో రాష్ట్రంలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు, ఒకరు కేంద్రంలో ఉంటే మరొకరు తనకు కేటాయించిన గ్రామాలకు నెలకు రెండుసార్లు వెళ్లాలన్నది అప్పటి ఏర్పాటు. అదే డాక్టరు అదే ఊరికి మళ్లీ మళ్లీ వెళ్లాలన్న ఆ ఒక్క నియమంలో ఫ్యామిలీ మెడిసిన్ సారం సగం ఉంది.

మిగతా సగమే లేదు. గోడమీద ఫ్యామిలీ డాక్టర్ అని రాసినంత మాత్రాన లోపల కూర్చున్న ఎంబీబీఎస్ డాక్టరు ఆ శాస్త్రంలో శిక్షణ పొందినట్టు కాదు. బదిలీ వస్తే, పీజీ సీటు వస్తే ఆ ఊరితో బంధం తెగిపోతుంది. సమావేశాలు, నివేదికలు, యాప్‌లలో ఎక్కించాల్సిన వివరాలు ఓపీ సమయాన్ని మింగేస్తాయి. పక్క కుర్చీలో ఉండేది సీనియర్ మెడికల్ ఆఫీసర్ అయితే అదృష్టం, లేదంటే అక్కడా ఖాళీనే.

విశాఖ కుర్రాళ్లకు నేనిచ్చే సలహా: వీలైతే నగరం అంచుల్లో కాకుండా పాడేరు, అరకు వైపు కొన్నాళ్లు చేయండి. 2022లో జిల్లాలు విడిపోయాక అది అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది కానీ, మనకు ఘాట్ రోడ్డు ఎక్కితే వచ్చేదే. మలేరియా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి, పాముకాటు, రక్తహీనత, రోడ్డు లేని గూడెం నుంచి డోలీలో వచ్చే గర్భిణి, వీటన్నిటి మధ్య రెఫర్ చేయడం అంటే ఒక కాగితం రాయడం కాదని తెలుస్తుంది. వాహనం ఎప్పటికి వస్తుంది, అంతవరకు ఏం చేయాలి, వెంట ఎవరు వెళతారు, కేజీహెచ్‌లో వాళ్ల భాష ఎవరికి తెలుసు అన్నవి కూడా వైద్యంలో భాగమే.

దారి మూడు: ఫ్యామిలీ మెడిసిన్‌లో పీజీ

ఇందులో రెండు రకాలు. ఎండీ, డీఎన్‌బీ (డిప్లొమేట్ ఆఫ్ నేషనల్ బోర్డ్). రెండూ మూడేళ్లే, రెండింటికీ నీట్ పీజీ రాయాలి. ఎండీ ఇప్పటికీ కొద్ది కళాశాలల్లోనే ఉంది. కేరళలోని కాలికట్ ప్రభుత్వ వైద్య కళాశాల ఈ విషయంలో ముందు నడిచింది. నేషనల్ బోర్డు ఇచ్చే డీఎన్‌బీ సీట్లే ఎక్కువ. అందువల్ల చాలామందికి ఆచరణలో ఫ్యామిలీ మెడిసిన్ అంటే డీఎన్‌బీయే. విశాఖలో, చుట్టుపక్కల ఆ ఏడాది ఏ ఆసుపత్రికి గుర్తింపు ఉందో బోర్డు సీట్ల పట్టికలో చూసుకోవాలి. గుర్తింపులు మారుతుంటాయి, సీనియర్లు నోటిమాటగా చెప్పింది నమ్మకండి.

చదువు స్వరూపం బాగుంటుంది. జనరల్ మెడిసిన్, పిల్లలు, కాన్పులు, సర్జరీ, ఎముకలు, కళ్లు, చెవి ముక్కు గొంతు, చర్మం, మానసిక వైద్యం, అత్యవసర విభాగం, ఇలా అన్నిచోట్లా తిప్పుతారు. థీసిస్ ఉంటుంది. చివర పరీక్ష గట్టిదే. మూడేళ్లు పూర్తయ్యాక కుట్లు వేయగలరు, బిడ్డ ఎదుగుదల పట్టిక చదవగలరు, ఇన్సులిన్ మొదలుపెట్టగలరు, నిద్రపట్టడం లేదన్న కోడలి మాట వెనుక ఏముందో అడగగలరు.

చిక్కు ఎక్కడంటే అమలులో. ఫ్యామిలీ మెడిసిన్‌కు సొంత ఓపీ, సొంత అధ్యాపకులు లేని ఆసుపత్రిలో సీటు వస్తే, ఏ విభాగంలో చేతులు తక్కువైతే అక్కడికి మిమ్మల్ని పంపుతారు. ఈ నెల ఐసీయూ రాత్రులు, వచ్చే నెల క్యాజువాల్టీ. ప్రతి విభాగంలోనూ మీరు బయటినుంచి వచ్చినవారే. గుండె విభాగం పీజీకి ప్రొఫెసర్‌ను చూసి 'రేపు నేనిలా ఉంటాను' అన్న బొమ్మ మనసులో ఏర్పడుతుంది. మీకు ఆ బొమ్మ చూపించే మనిషే ఉండడు. పదిమంది దగ్గర పది ముక్కలు నేర్చుకుంటారు, ఆ ముక్కలను కలిపి కుట్టడం ఎవరూ నేర్పరు. మూడేళ్ల చివర 'నేను సగం ఫిజిషియన్, పావు పిల్లల డాక్టర్' అన్న భావన మిగిలితే అది మీ తప్పు కాదు, పక్క కుర్చీ ఖాళీగా ఉన్నందువల్ల.

మరోవైపు, సొంత ఓపీ నడుస్తున్నచోట, అదే కుటుంబం మూడేళ్లూ మీ దగ్గరకే వచ్చేచోట శిక్షణ దొరికితే దీనికి మించిన దారి లేదు. గర్భంతో వచ్చినామెను చూసి, పుట్టిన బిడ్డకు టీకాలు వేసి, ఆ బిడ్డ తాతగారి షుగర్‌ను కూడా మీరే చూసిన అనుభవం మరే పీజీలోనూ రాదు. అమెరికాలో బార్బరా స్టార్‌ఫీల్డ్ ప్రాథమిక వైద్యాన్ని నాలుగు లక్షణాలతో నిర్వచించారు: మొదట వచ్చేది ఇక్కడికే కావడం, బంధం కొనసాగడం, దాదాపు అన్ని అవసరాలూ ఇక్కడే తీరడం, బయట జరిగే వైద్యాన్నంతా ఒకరు కలిపి చూడటం. కాలేజీలో వీటిని పరీక్ష కోసం చదువుతాం. ఇక్కడ చేతులతో చేస్తాం.

నాలుగోదాని గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మా వైపు పనిలో పెద్ద భాగం అదే. ఉక్కు కర్మాగారంలో, షిప్‌యార్డులో, పోర్టులో, రైల్వేలో, నేవీలో పనిచేసి రిటైరైనవారికి పెద్ద ఆసుపత్రులకు కొదవలేదు. వాళ్లు ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలతో వస్తారు. ఎముకల డాక్టరు ఒక నొప్పిమాత్ర రాశారు, నడుము కోసం ఇంకొకరు ఇంకో బ్రాండు పేరుతో అదే జాతి మాత్ర రాశారు, గుండె డాక్టరు బీపీకి రామిప్రిల్ లాంటిదీ, నీరు తగ్గడానికి ఇంకోటీ ఇచ్చారు. ఎవరి చీటీ వారి వరకు సరైనదే. మూడూ కలిస్తే కిడ్నీలు దెబ్బతినవచ్చు. ఉద్దానం కిడ్నీ జబ్బుల భయం ఇంటింటా ఉన్న ఉత్తరాంధ్రలో ఆ కవరు మొత్తం బల్లమీద పరచి చదివేవాడు ఒకడు ఉండాలి. ఆ చదవడానికి ఫీజు అడిగితే, 'ఏమీ రాయలేదు కదా డాక్టరు గారూ' అంటారు. అదొక వేరే కష్టం.

మధ్యలో రెండు డిప్లొమాలు

నేషనల్ బోర్డు 2020లో ఎంబీబీఎస్ తర్వాత రెండేళ్ల డిప్లొమాలు మొదలుపెట్టింది, అందులో ఫ్యామిలీ మెడిసిన్ ఒకటి. ఇది ఆసుపత్రిలో ఉండి చేసేది. డీఎన్‌బీ గురించి చెప్పిన మంచీ చెడూ దీనికీ వర్తిస్తాయి, ఒక ఏడాది తక్కువ.

రెండోది దూరవిద్య. వెల్లూరు సీఎంసీ నడిపే రెండేళ్ల పీజీ డిప్లొమా అందరికీ తెలిసిందే. పనిలో ఉన్న డాక్టర్లు పని మానకుండా చదివేలా రూపొందించారు. 'తక్కువ రెఫర్ చేయండి, ఎక్కువ పరిష్కరించండి' అన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. పుస్తకాలు నిజంగా ఓపీలో కనిపించే సమస్యల చుట్టూ ఉంటాయి. ఇంటికి మైళ్ల దూరంలో ఉన్న పీహెచ్‌సీలో ఒంటరిగా కూర్చున్నవారికి ఖాళీ కుర్చీలో ఎవరో ఒకరు వచ్చి కూర్చున్నట్టే. కానీ ఇది జాతీయ వైద్య కమిషన్ లెక్కలో స్పెషలిస్టు అర్హత కాదు. అది పెట్టుకుని స్పెషలిస్టునని చెప్పుకోకూడదు, ప్రవర్తనా నియమావళి కూడా అదే అంటుంది. జ్ఞానం కోసం చేరండి, క్లినిక్ ముందు నేమ్‌బోర్డు కోసం వద్దు.

జనరల్ మెడిసిన్‌తో పోలిస్తే

ఇంట్లో అందరూ సూచించేది ఇదే. 'ఎండీ జనరల్ మెడిసిన్ చేస్తే ఫ్యామిలీ డాక్టరు పనీ చేసుకోవచ్చు, పరువూ ఉంటుంది' అంటారు. సగం నిజం. పెద్దవాళ్ల జబ్బుల్లో ఆ లోతు ఫ్యామిలీ మెడిసిన్‌లో రాదు, ఒప్పుకోవాలి. తీవ్రమైన రోగిని నిలబెట్టడంలో వాళ్ల చేయి వేరు. కానీ పిల్లలు, గర్భిణులు, గాయాలు, చిన్న సర్జరీలు ఆ చదువులో లేవు. మూడేళ్లూ ఎదుటి కుర్చీలో ఉండేది వడకట్టిన రోగులే. ఇంకో సంగతి, విశాఖలో ఇప్పుడు జనరల్ మెడిసిన్ చేసినవారిని కూడా 'డీఎం (సూపర్ స్పెషాలిటీ) ఎప్పుడు?' అని అడుగుతున్నారు. అంటే పరువు కోసం ఎక్కిన మెట్టు మీద నిలబడనివ్వరు, ఇంకో మూడేళ్ల మెట్టు చూపిస్తారు.

పరువు మాట వచ్చింది కాబట్టి. రోగి అడిగే 'మీరు దేనికి డాక్టరు?' అన్న ప్రశ్న, పెళ్లిచూపుల్లో అవతలివారు అడిగే 'ఉత్త ఎంబీబీఎస్సేనా?' అన్న ప్రశ్న ఒకటే. ఒక అవయవం పేరు చెప్పగలిగితే రెండింటికీ జవాబు దొరుకుతుంది. ఫ్యామిలీ మెడిసిన్ చేసినవారికి చెప్పడానికి అవయవం లేదు. డీఎన్‌బీ అయ్యాక కూడా కొన్నేళ్లపాటు 'అంటే ఏమిటి?' అని అడిగించుకోవాల్సిందే. ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. ఇంగ్లండులో జనరల్ ప్రాక్టీషనర్లు 1952లో సొంత కాలేజీ పెట్టుకున్నది, అమెరికాలో 1969లో ఫ్యామిలీ ప్రాక్టీసును ప్రత్యేక శాఖగా గుర్తింపజేసుకున్నది ఈ చిన్నచూపు నుంచే. అదే కాలంలో కెనడాలో ఫ్యామిలీ మెడిసిన్ తొలి ప్రొఫెసర్ అయిన ఇయాన్ మెక్‌విన్నీ, ఈ డాక్టరు నిబద్ధత ఒక జబ్బుకో ఒక విధానానికో కాదు, మనిషికి అని వాదించారు. మన దేశంలో 2017 జాతీయ ఆరోగ్య విధానం ఫ్యామిలీ మెడిసిన్‌ను ప్రోత్సహించాలంది, 2019 నాటి వైద్య కమిషన్ చట్టం ఆ పీజీ కోర్సులను పెంచే బాధ్యతను కమిషన్‌లోని పీజీ వైద్య విద్యా బోర్డుకు అప్పగించింది. అయినా ఎంబీబీఎస్ విద్యార్థికి అది ఈనాటికీ విడి పరీక్ష ఉన్న సబ్జెక్టు కాదు. ఎవరూ పరిచయం చేయని శాఖను పద్దెనిమిదేళ్ల వయసులో ఎవరు కలగంటారు?

కాబట్టి నిజాయితీగా ప్రశ్నించుకోండి. ఎవరూ అడగకుండానే నేనేమిటో నాకు తెలిసి ఉంటే చాలు అనుకోగలరా? అనుకోలేకపోతే జనరల్ మెడిసిన్ చేయండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

కమ్యూనిటీ మెడిసిన్, విదేశాలు

కమ్యూనిటీ మెడిసిన్‌ను దీనికి ప్రత్యామ్నాయం అనుకోవద్దు. అక్కడ రోగి ఒక మనిషి కాదు, ఒక జనాభా. సర్వేలు, పథకాలు, బోధన ఇష్టమైతే మంచి శాఖ. రోజూ ఓపీ చేయాలనుకునేవారికి ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. మంగళగిరితో సహా పలు కొత్త ఎయిమ్స్‌లలో ఆ విభాగం పేరులోనే ఫ్యామిలీ మెడిసిన్ కూడా ఉంది, అక్కడ మాత్రం విడిగా విచారించదగ్గది. దానికి ప్రవేశం నీట్ పీజీతో కాదు, ఐఎన్‌ఐ సెట్ అనే విడి పరీక్ష ద్వారా.

విదేశాల్లో శిక్షణ విషయానికొస్తే బ్రిటన్‌లో పక్క కుర్చీ నిజంగానే నిండి ఉంటుంది. జీపీ (జనరల్ ప్రాక్టీషనర్, అక్కడి ఫ్యామిలీ డాక్టరు) శిక్షణ మూడేళ్లు, అందులో గణనీయమైన కాలం ఒక క్లినిక్కులో ఒక శిక్షకుడి కింద. రోగితో మీరు మాట్లాడే తీరునే కూర్చోబెట్టి విశ్లేషిస్తారు. మన దగ్గర దానికి మార్కులే లేవు. కానీ దాని ముందు విదేశీ డాక్టర్లకు అక్కడ పెట్టే ప్లాబ్ పరీక్ష, ఆపైన అక్కడి అనుభవం, ఇప్పుడు పోటీ బాగా పెరిగింది. 2025లో వెలువడిన ఆ దేశపు పదేళ్ల ఆరోగ్య ప్రణాళిక, శిక్షణ సీట్లలో అక్కడి పట్టభద్రులకు ప్రాధాన్యం ఇస్తామంది. తిరిగి విశాఖ రావాలన్న ఉద్దేశం ఉంటే ఈ ఖర్చూ కాలమూ నాకు గిట్టుబాటుగా కనిపించవు.

అయితే ఏది?

డబ్బు ఒత్తిడి లేక, మూడేళ్లు ఇవ్వగలిగి, సొంత ఓపీ ఉన్న ఆసుపత్రి దొరికితే డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్. ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చినా సరే, విశాఖలో పేరుకు మాత్రమే ఉన్న సీటు కంటే బయట నడుస్తున్న విభాగం మేలు.

వెంటనే సంపాదించాల్సి ఉంటే పీహెచ్‌సీలో చేరి, దానితోపాటు వెల్లూరు డిప్లొమా. రెండు కుర్చీలూ ఎంతో కొంత నిండుతాయి. నా దృష్టిలో ఇది రెండో ఉత్తమ మార్గం, పేరుకే ఉన్న డీఎన్‌బీ కంటే పై మార్గం.

ఇంట్లో క్లినిక్ వారసత్వంగా ఉంటే, తల్లో తండ్రో ఇంకా ప్రాక్టీసు చేస్తుంటే, పీజీ లేని దారి కూడా చెడ్డది కాదు. పక్క కుర్చీలో వాళ్లే ఉంటారు. వాళ్లతో పాటు వాళ్ల పాత అలవాట్లు కూడా ఉంటాయి, వాటిని మెల్లగా ప్రశ్నించాలి.

ఐసీయూ అంటే నిద్ర కూడా మరచిపోయేవారు, గుండె చప్పుడులో తేడా దొరికితే సంబరపడేవారు జనరల్ మెడిసిన్‌కు పోవాలి. ఫ్యామిలీ మెడిసిన్‌లో అలాంటి రోజులు నెలకొకటి వస్తాయి. మిగతా రోజులన్నీ మనుషులతోనే.

డీఎన్‌బీ ఆప్షన్లు పెట్టేముందు ఆ ఆసుపత్రికి ఒకసారి స్వయంగా వెళ్లండి. ఫ్యామిలీ మెడిసిన్ ఓపీ గది ఎక్కడో సెక్యూరిటీ మనిషిని అడగండి. ఆయన చెప్పలేకపోతే సగం జవాబు వచ్చినట్టే. లోపల ఉన్న పీజీలను విడిగా కలిసి అడగండి: పోయిన నెల ఎన్ని రోజులు సొంత ఓపీలో కూర్చున్నారు, పిల్లలను, గర్భిణులను నేరుగా చూడనిస్తారా, ఒకే కుటుంబాన్ని మళ్లీ మళ్లీ చూశారా, మీరు రోగితో మాట్లాడుతుంటే ఎవరైనా సీనియర్ పక్కన కూర్చుని విన్నారా. చివరి ప్రశ్నకు నవ్వు జవాబుగా వస్తే ఇంకో ఆసుపత్రి చూసుకోండి. అక్కడ చదివి బయటికి వచ్చినవారు ఇప్పుడేం చేస్తున్నారో కనుక్కోండి. వాళ్లలో ఎవరైనా మధురవాడలోనో పెందుర్తిలోనో క్లినిక్ పెట్టుకుని ఉంటే, ఒక సోమవారం సాయంత్రం ఓపీలో మూలన కూర్చోనివ్వమని బతిమాలండి. చివరి రోగి వెళ్లేదాకా కూర్చోగలిగితే ఆ ఆప్షన్‌ను పట్టికలో పైకి జరపండి. ఎనిమిదింటికే లేవాలనిపిస్తే జనరల్ మెడిసిన్‌ను పైన ఉంచి, ఇంట్లోవాళ్ల మాట నెగ్గిందని వాళ్లకే చెప్పి సంతోషపెట్టండి.